నాకు నచ్చిన జపాన్ బొమ్మల సినిమాలు, మా అవ్వ అన్న మాటలు

ఈ పుటల్లో ఇంతవరకు ఇంటిపేర్ల గురించి, పాత పెళ్ళి పత్రికల గురించి, బొరుగుల ఉగ్గాణి గురించి మావాళ్ళు రాసినారు. నన్నూ ఏదైనా రాయమని చిన్నాయన అడిగితే, నాకు బాగా తెలిసింది ఒకటే ఉంది, జపాన్ వాళ్ళ బొమ్మల సినిమాలు అన్నాను. వాళ్ళ భాషలో వాటిని అనిమే అంటారు. "దానికీ మన ఇంటికీ ఏం సంబంధం రా?" అన్నాడు చిన్నాయన. సంబంధం ఉందనే నాకు అనిపిస్తుంది. చదివి మీరే చెప్పండి.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పని చేస్తున్నాను. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాములో ఎక్కడ తేడా ఉందో వెతికి చెప్పడం నా పని. చదువు అంతా బళ్ళారి పక్క పల్లెలో, కన్నడ మీడియంలో. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ. తెలుగు చదవడం ఇరవై అయిదు దాటినాక నేర్చుకున్నాను. కన్నడ చదవడం వచ్చినవాళ్ళకు అదేమంత కష్టం కాదు. తలకట్టు తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

మేము ఎక్కడినుంచో వలస వచ్చినామని ఆఫీసులో చాలామంది అనుకుంటారు. మా అవ్వ లెక్క వేరే. ఆమె పుట్టిల్లు ఆలూరు వైపు. ఆమె పెళ్ళినాటికి రెండు ఊర్లూ మద్రాసు రాష్ట్రంలో ఒకే బళ్ళారి జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆ పక్కకు పోయినాయి. బళ్ళారితో పాటు మిగిలిన తాలూకాలు మైసూరులో కలిసినాయి. "నేను అత్తగారింటికి వచ్చినాక నా ఎనకాల గీత గీసినారప్పా" అనేది అవ్వ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నాకు నచ్చిన సినిమాలన్నిటికీ దీనితో పని ఉంది.

మన వయసువాళ్ళం అనిమే అని తెలియకుండానే అనిమే చూసినాం. 1990లలో దూరదర్శన్‌లో హిందీలో వచ్చిన మోగ్లీ జపాన్‌లో చేసిందే. నిప్పన్ యానిమేషన్ అనే సంస్థ 1989లో తీసింది. ఇంగ్లీషాయన రాసిన మధ్యప్రదేశ్ అడవి కథ, జపాన్ బొమ్మలు, హిందీ మాటలు. చూసేదేమో కన్నడ బడికి పోయే తెలుగు పిల్లలు. మాకు ఒక్క ముక్క హిందీ రాకపోయినా కథ ఎక్కడా ఆగలేదు.

ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఎన్ని చూసినానో లెక్క లేదు. కత్తియుద్ధాలవి, రోబోలవి, వంటలవి, క్రికెట్ లాగా ఒక్క మ్యాచి పది భాగాలు సాగేవి, అన్నీ చూసినాను. మళ్ళీ మళ్ళీ చూసేవి మాత్రం అయిదే. ఆ అయిదింటిలోనూ ఎవరో ఒకరు తమది కాని చోటికి వచ్చి ఉంటారు. అక్కడ పని చేస్తారు, వండుకుంటారు, అక్కడి పద్ధతి నేర్చుకుంటారు. వెంట తెచ్చుకున్న పేరు, మాట, అలవాటు ఏమవుతాయో అన్న ప్రశ్న లోపల ఉంటుంది. ఆ ప్రశ్న మన ఇళ్ళల్లో కూడా ఉంది కదా.

మొదటిది మై నైబర్ టొటొరో. స్టూడియో జిబ్లి వాళ్ళది, హయావో మియజాకి తీసినది, 1988లో వచ్చింది. 2020లో జిబ్లి సినిమాలు మన దేశంలో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చినాయి. అదే ఏడాది లాక్‌డౌన్ వచ్చి నేను ల్యాప్‌టాప్ పట్టుకుని పల్లెకు పోయినాను. సాయంత్రం పని ముగిసినాక అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని చూసేవాణ్ణి. మాటలు జపానీస్, కింద ఇంగ్లీషు అక్షరాలు. అవ్వకు రెండూ రావు. నేనే చదివి మన మాటల్లో చెప్పేవాణ్ణి.

కథ చాలా చిన్నది. సత్సుకి, మెయి అని ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. అమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆ ఆసుపత్రికి దగ్గర అవుతుందని నాన్న పిల్లల్ని తీసుకుని పల్లెలో ఒక పాత ఇంట్లో దిగుతాడు. ఆ ఇంటి వెనక పెద్ద చెట్టులో టొటొరో అనే జీవి ఉంటుంది, ఎలుగుబంటి అంత. విలన్ లేడు, గొడవ లేదు. పెద్దపిల్ల పొద్దున్నే లేచి నాన్నకూ చెల్లికీ క్యారియర్ కడుతుంది. పక్కింటి ముసలమ్మ పొలంలో కాయలు కోసి పారే నీళ్ళలో చల్లబరిచి పిల్లలకు పెడుతుంది. మెయి ఒక మొక్కజొన్న కంకి అమ్మకు ఇవ్వాలని గట్టిగా పట్టుకుని, ఒక్కతే ఆసుపత్రికి బయలుదేరి దారి తప్పిపోతుంది.

కొంతసేపటికి అవ్వ నన్ను చెప్పవద్దని చేయి అడ్డం పెట్టింది. "నాకు తెలుస్తా ఉంది, నువ్వు సల్ప ఊరుకో" అన్నది. నేను ఊరుకున్నాను. పాత ఇంట్లో చీకటి మూలల్లో ఉండే నల్లటి మసి ఉండలకు ఆమే "మసిపిల్లలు" అని పేరు పెట్టింది. పెద్దపిల్ల క్యారియర్ కట్టేటప్పుడు "తల్లి లేని ఇంట్లో పెద్దపిల్లకు చిన్నతనం ఉండదు" అన్నది. సినిమా అంతా అయినాక ఒకే ప్రశ్న అడిగింది: "ఆ యమ్మకు ఏం జబ్బు?" సినిమాలో ఆ జబ్బు పేరు చెప్పరు. మియజాకి చిన్నతనంలో ఆయన అమ్మ క్షయతో ఏళ్ళ తరబడి మంచం మీద ఉండేదని చెప్పినాను. అవ్వ తల ఊపి, "తెలిసినోడే తీసినాడు" అన్నది.

ఈ సినిమాలో చాలాసేపు ఏమీ జరగదు. వాన పడుతుంది, పిల్లలు బస్సు కోసం నిలబడి ఉంటారు, గొడుగు మీద చినుకులు పడతాయి. 2002లో అమెరికా సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్‌తో మాట్లాడుతూ మియజాకి చప్పట్లు కొట్టి చూపించినాడు. చప్పట్ల మధ్య ఉండే ఖాళీ ఉంది చూడు, దాన్ని జపానీస్‌లో "మా" అంటారని చెప్పినాడు. మా పనిలో కూడా ఇలాంటిదే ఒకటి ఉంది. ఆటోమేషన్ టెస్ట్ రాసేటప్పుడు రెండు పనుల మధ్య సరైన చోట వెయిట్ పెట్టకపోతే, పేజీ రాకముందే మీట నొక్కి టెస్ట్ ఫెయిల్ అవుతుంది. ఈ కాలం సినిమాలు చాలావరకు ఆ వెయిట్ తీసేసినట్టు అనిపిస్తాయి. మనసు లోపలికి వచ్చేలోపల తర్వాతి సీను వచ్చేస్తుంది.

రెండోది ప్రిన్సెస్ మొనొనొకె, 1997. ఇదీ మియజాకిదే. బళ్ళారివాళ్ళు ఎవరైనా ఈ సినిమా చూస్తే రెండు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటారని నా నమ్మకం. ఎందుకంటే ఇది ఇనుము కథ.

తూర్పున ఒక చిన్న తెగ ఊరు. దాని మీదికి పిచ్చెక్కిన అడవిపంది దేవుడు వచ్చి పడతాడు. అషితక అనే కుర్రాడు దాన్ని చంపి ఊరిని కాపాడతాడు, కానీ దాని శాపం అతని చేతికి అంటుకుంటుంది. పంది కడుపులో ఒక ఇనుప గుండు దొరుకుతుంది. అషితక జుట్టు కోసుకుని, ఇంక తిరిగి రాకూడదన్న కట్టుబాటు మీద ఊరు విడిచి, ఆ గుండు ఎక్కడిదో వెతుక్కుంటూ పడమటికి పోతాడు. అక్కడ ఎబొషి అనే ఆమె అడవి నరికి, ఇనుప ఇసుక కరిగించే ఊరు కట్టింది. గుండు ఆమె ఊరిదే.

ఇక్కడిదాకా అయితే ఆమె రాక్షసి అనుకుంటాం. తర్వాత చూపించేది వేరే. ఆ ఊర్లో కొలిమి తిత్తులు తొక్కే ఆడవాళ్ళందరూ వేశ్యావాటికల నుంచి ఆమె డబ్బు కట్టి విడిపించినవాళ్ళు. నాలుగు పగళ్ళు అయిదు రాత్రులు ఆపకుండా తొక్కుతారు, అయినా బయటి బతుకు కంటే ఇదే మేలు అంటారు. ఎవరూ ముట్టుకోని కుష్ఠురోగులకు ఆమె స్వయంగా కట్లు కడుతుంది, పని ఇస్తుంది. వాళ్ళు చేసేది తుపాకులు. ఆ తుపాకులతోనే ఆమె అడవి దేవుళ్ళను కాలుస్తుంది.

దీన్ని నాన్నతో కూర్చుని చూసినాను. అవ్వ మొదట్లోనే చేతులు తెగి పడటం చూసి లేచి పోయింది. నాన్న ఖనిజం లారీల తూకం కాటా దగ్గర లెక్కలు రాసేవాడు. ఆ రోజుల్లో సండూరు కొండల వైపు పోతే రోడ్డు పక్క వేపాకు కూడా ఎర్రగా ఉండేది. తెల్ల చొక్కా సాయంత్రానికి ఇటుక రంగుకు తిరిగేది. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో గనులు ఆపమన్నప్పుడు నాన్న పని పోయింది. కొన్ని నెలలు నా మొదటి ఉద్యోగం జీతం మీదే ఇల్లు నడిచింది. కొండలు మిగలాలని అనుకున్నదీ మా ఇల్లే, కాటా మళ్ళీ తెరవాలని అనుకున్నదీ మా ఇల్లే. ఒకే రాత్రి, ఒకే పళ్ళెం ముందర రెండు మాటలూ వచ్చేవి.

నాన్న సినిమా చివరిదాకా చూసి, "ఈ ఎబొషమ్మ మన దగ్గర పుట్టి ఉంటే ఆమెకు గుడీ కట్టేవాళ్ళు, ఆమె మీద కేసూ పెట్టేవాళ్ళు" అన్నాడు. ఆమె గురించి నేను చదివిన ఏ విశ్లేషణ కంటే ఇది బాగుంది. చివరలో అడవి మళ్ళీ పచ్చబడుతుంది, కానీ పాత అడవి కాదు. తోడేళ్ళ దగ్గర పెరిగిన సాన్ మనుషుల్ని క్షమించలేనని అడవిలోనే ఉండిపోతుంది. అషితక ఇనుము ఊర్లో ఉంటూ ఆమెను చూడడానికి వస్తానంటాడు. సమస్య తీరిపోయిందని మియజాకి అబద్ధం చెప్పడు. ఇద్దరూ బతకాలి, ఎలాగో మీరే చూసుకోండి అని వదిలేస్తాడు.

మూడోది ఓన్లీ యెస్టర్డే, 1991. తీసింది ఇసావో తకహతా, జిబ్లిలో మియజాకితో పాటు ఉన్న ఇంకో పెద్దాయన. ఇందులో దెయ్యాలు, దేవుళ్ళు ఏమీ లేవు. టయెకో అని టోక్యోలో ఆఫీసు పని చేసే ఇరవై ఏడేళ్ళ అమ్మాయి. పెళ్ళి కాలేదు, ఇంట్లో అడుగుతూ ఉన్నారు. సెలవు పెట్టి యమగత ప్రాంతంలో పల్లెకు పోయి పొలం పని చేస్తుంది. దారి పొడుగునా పదేళ్ళ వయసు నాటి తన జ్ఞాపకాలు వెంట వస్తాయి.

ఆమె చేసే పొలం పని ఏమిటంటే, కుసుమ పూలు కోయడం. అది చూసి అవ్వ కుర్చీలో ముందుకు జరిగింది. మన నల్లరేగడి చేలల్లో కుసుమలు తెలియనిది ఎవరికి? కన్నడంలో కుసుబె. మనం నూనెకు వేస్తాం. లేత ఆకు కూర వండుతాం. ముళ్ళు ఉంటాయి కాబట్టి పశువులు దూరకుండా జొన్నచేను చుట్టూ అంచుకు వేస్తాం. యమగతలో అదే పూవును ఎర్రరంగు కోసం పండిస్తారు, బట్టల అద్దకానికీ ఆడవాళ్ళ పెదవుల రంగుకీ. మంచుకు ముళ్ళు మెత్తబడి ఉంటాయని తెల్లారుజామునే కోస్తారు. చేతి తొడుగులు లేని పాత రోజుల్లో కోసే ఆడపిల్లల వేళ్ళు రక్తం కారేవని, ఆ రంగు పూసుకునే భాగ్యం మాత్రం వాళ్ళకు ఉండేది కాదని టయెకో చెప్తుంది. నేను దాన్ని తెలుగులో చెప్తే అవ్వ తన అరచేయి తిప్పి చూసుకున్నది. "చేను యాడైనా కోసేవాళ్ళది ఒకటే కథ" అన్నది.

ఈ సినిమాలో నాకు మాత్రం ఇష్టమైనది లెక్కల సీను. పదేళ్ళ టయెకోకు భిన్నాల భాగహారం అర్థం కాదు. రెండో భిన్నాన్ని తిరగేసి గుణించు, అంతే, అంటుంది అక్క. టయెకో అడిగేది వేరే: యాపిల్‌లో మూడింట రెండు వంతులను నాలుగో వంతుతో భాగించడం అంటే అసలు అర్థం ఏమిటి? ఇంట్లోవాళ్ళు ఆ పిల్ల మందబుద్ధి అనుకుంటారు. నేను టెస్టర్‌ని కాబట్టి చెప్తున్నాను, మా టీములో ఉండాల్సింది ఆ పిల్లే. చెప్పినట్టు చేసి మార్కులు తెచ్చుకునేవాళ్ళు చాలామంది. "అసలు ఇది ఏం చేయాలని రాసుకున్నారు?" అని అడిగేవాళ్ళు తక్కువ.

ఇంకో మాట. పల్లె అందం చూసి టయెకో ప్రకృతి అని మురిసిపోతే, తొషియో అనే రైతు కుర్రాడు సరిచేస్తాడు. ఈ కట్ట, ఈ కాలువ, ఈ చెట్లవరస అన్నీ తరతరాలుగా రైతులు చేసినవే అంటాడు. మన ఊరి సెలవులకు పోయి ఫోటోలు తీసుకునే మనందరికీ ఆ మాట తగులుతుంది.

నాలుగోది స్పిరిటెడ్ అవే, 2001. అందరికీ తెలిసిన పేరే. 2002లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్, 2003లో ఆస్కార్ వచ్చినాయి. నేను దీన్ని ఎక్కువసార్లు చూసినది బహుమతుల కోసం కాదు, ఒక్క సీను కోసం.

చిహిరో అనే పదేళ్ళ పిల్ల అమ్మానాన్నలతో దారి తప్పి దేవతల స్నానశాల ఉన్న చోటికి వస్తుంది. అమ్మానాన్న పందులైపోతారు. అక్కడ పని అడిగి సంపాదించుకోకపోతే ఈ పిల్లకూ అదే గతి. యజమాని యుబాబా ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టమంటుంది. చిహిరో పేరు రాస్తుంది. యుబాబా చేయి ఊపి ఆ కాగితం మీది అక్షరాలను లేపేసి ఒక్కటే మిగులుస్తుంది. ఆ ఒక్క అక్షరాన్ని విడిగా చదివితే "సెన్". ఇంక నీ పేరు సెన్ అంటుంది. తర్వాత హకు అనే కుర్రాడు చెప్తాడు: అసలు పేరు మరిచిపోతే ఇంటి దారి తెలియదు, నేను అలా మరిచిపోయినవాణ్ణే.

మా ఇంట్లో మగవాళ్ళ పేర్లు "లు"తో ముగుస్తాయి. శ్రీనివాసులు, రామాంజనేయులు అంటామే, అట్ల. ఆ "లు" మర్యాద కోసం చేర్చేది. కన్నడ బడి రిజిస్టరులో దానికి చోటు లేదు. శ్రీనివాస, రామాంజనేయ అంటే అక్కడ నిండు పేరే, అందులో ఎవరి దురుద్దేశం ఏమీ లేదు. నా పేరు చివర "లు" ఒకటో తరగతిలో రాలిపోయింది. పదో తరగతి మార్కుల కార్డు, పాన్ కార్డు, పాస్‌పోర్టు, ఆఫీసు బ్యాడ్జి, అన్నిట్లో చిన్న పేరే. అమ్మానాన్న కూడా క్రమంగా అదే పిలవసాగినారు. నిండు పేరుతో పిలిచేది అవ్వ ఒక్కతే.

ఆ సీను వచ్చినప్పుడు అవ్వ నవ్వింది. "నీ పేరు కూడా ఇట్లనే కోసినారు" అన్నది. నాకు నవ్వు రాలేదు. హకు చిహిరోకు అన్నం ముద్దలు ఇస్తాడు, ఆ పిల్ల తింటూ పెద్ద పెద్ద చుక్కలు కన్నీళ్ళు కారుస్తుంది. అప్పుడు అవ్వ, "ఏడ్చింది కదా, ఇంక బతుకుతాది" అన్నది.

అవ్వ 2023లో పోయింది. ఆ తర్వాత చాలా రోజులు నాకు ఏదో తగ్గినట్టు ఉండేది, ఏమిటో తెలియలేదు. నా నిండు పేరు ఎవరి నోటినుంచీ వినపడటం లేదని ఒకరోజు తట్టింది. పోయినేడాది కొడుకు పుట్టినాడు. జనన ధ్రువపత్రంలో పేరు "లు"తోనే రాయించాలని నేను, వద్దని మా ఆవిడ. ఆమె వాదనలో బలం ఉంది: బెంగళూరు బడిలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఆ అక్షరం ఏమిటని అడుగుతారు, ప్రతి ఫారంలో ఒక్కో రకంగా రాస్తారు, ఒక టెస్టర్‌కు ఇది తెలియదా అన్నది. తెలుసు. అయినా రాయించినాను, చివరికి ఆమే సరే అన్నది. కార్యాలయంలో గుమాస్తా కన్నడంలో, "సార్, తెలుగులో ఇది బహువచనం కదా, మగబిడ్డ ఒక్కడే కదా?" అని అడిగినాడు. మంచి ప్రశ్నే. మర్యాద ఇస్తే మాలో ఒక్కడు కూడా బహువచనమే అని చెప్పినాను. ఆయన నవ్వి టైపు చేసినాడు.

ఆ పేరుతో వాడు ఏం చేసుకుంటాడో వాడి ఇష్టం. పెద్దయినాక తీసేసుకుంటే తీసేసుకోనీ. సినిమాలో కూడా అంతే కదా. చిహిరో సెన్‌గా పని చేస్తుంది, ఆ పేరుతోనే అక్కడ అందరి మన్నన పొందుతుంది. బురద దేవుడని అందరూ ముక్కు మూసుకున్నవాడి ఒంట్లో ముల్లులాంటిది గుచ్చుకుని ఉందని కనిపెట్టి, లాగి, అది ఒక నది దేవుడని బయటపెట్టేది సెన్ పేరుతో ఉన్న పిల్లే. ఆ ఒంట్లోంచి సైకిలుతో మొదలై చెత్త అంతా వస్తుంది. చిన్న పేరు అవమానం కాదు. నిండు పేరు ఎక్కడో ఒకచోట దాచి ఉండాలి, అంతే. ఆ పిల్ల దగ్గర అది స్నేహితురాలు ఇచ్చిన వీడ్కోలు కార్డులో ఉంటుంది.

అయిదోది బరాకమొన్, 2014లో వచ్చిన సీరియల్, 12 భాగాలు. హండా అనే యువకుడు టోక్యోలో కుంచెతో అక్షరాలు రాసే కళాకారుడు. నీ రాత కాపీపుస్తకంలా ఉంది అన్న పెద్దాయన్ని కొడతాడు. బుద్ధి తెచ్చుకోమని వాళ్ళ నాన్న అతన్ని దూరంగా గొటొ దీవులకు పంపిస్తాడు. అక్కడి మాట వేరే యాస. పక్కవాళ్ళు చెప్పేది అతనికి సగమే అర్థమవుతుంది. నరు అనే చిన్నపిల్ల ఇంట్లోకి దూరి అతన్ని నిమ్మళంగా ఉండనివ్వదు. "బరాకమొన్" అన్నదే ఆ దీవుల మాట, హుషారైన మనిషి అని అర్థం. ఈ కథ మొదట బొమ్మల పుస్తకంగా రాసిన సత్సుకి యొషినొ ఆ దీవులవారే. అందుకే ఆ యాసను ఎగతాళికి వాడరు. టోక్యో మాట మాట్లాడే హండానే అక్కడ తెలియనివాడు.

హైదరాబాదు పెళ్ళిళ్ళలో మన మాట విని నవ్వేవాళ్ళు మీకూ తగిలి ఉంటారు. నేను "బేగ రా" అంటే అది కన్నడం అన్నారు. ఆఫీసులో ఒక విజయనగరం అమ్మాయి ఫోనులో వాళ్ళ తమ్ముణ్ణి "బేగి రా" అని పిలుస్తుంటే విని నాకు ఎక్కడలేని సంతోషం వచ్చింది. తెలుగు నేలకు ఆ చివర ఆమె, ఈ చివర నేను, మధ్యలో ఉన్నవాళ్ళు "తొందరగా" అంటున్నారు. "తిండి అయిందా?" అని నేను పొద్దున అడిగితే వాళ్ళకు మోటుగా వినపడుతుంది, నాకు అది టిఫిన్ సంగతి, కన్నడంలో లాగా. ఇవి తప్పులు అనుకుని చాలా ఏళ్ళు నేను తెలుగువాళ్ళ ముందు ఇంగ్లీషులో మాట్లాడేవాణ్ణి. బరాకమొన్ చూసినాక మానేసినాను. ఒక సీరియల్ మనిషిని మారుస్తుందా అంటే, మార్చదు. మారదామని ఉన్నవాడికి కొంచెం ధైర్యం ఇస్తుంది.

చూడాలనుకునేవాళ్ళకు కొన్ని మాటలు. చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో అయితే టొటొరోతో మొదలుపెట్టండి, గంటన్నర కూడా ఉండదు. స్పిరిటెడ్ అవే ఎనిమిదేళ్ళు దాటినాక. మొనొనొకెలో రక్తం ఉంది, హైస్కూలు పిల్లలకు. తకహతాదే గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్ అని 1988 సినిమా ఉంది, టొటొరోతో జంటగా విడుదలైంది. 1945 బాంబుదాడుల్లో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ళ కథ. గొప్ప సినిమా, కానీ ఒంటరిగా ఉన్న రాత్రి చూడవద్దు. దేవుడి కథ అయితేనే కూర్చుంటామనే పెద్దలకు యుగో సకొ 1990ల మొదట్లో మన రామ్ మోహన్ గారితో కలిసి చేసిన రామాయణం ఉంది. 2025 జనవరిలో తెలుగు మాటలతో కూడా థియేటర్లకు వచ్చింది.

యుద్ధాల సీరియల్స్ ఇప్పుడు తెలుగు డబ్బింగ్‌తో వస్తున్నాయి. 2025లో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాజిల్ తెలుగులోనే హాల్లో చూసినాం. సంతోషమే. అయితే పక్కన కూర్చుని మీరే మీ ఇంటి తెలుగులో చెప్పండి, అదే నా సలహా. మా అక్క కూతురికి ఎనిమిదేళ్ళు, ఇంగ్లీషు మీడియం, తెలుగులో జవాబు ఇవ్వదు. ఆ పాప ఇప్పుడు మూల దులిపేటప్పుడు "మసిపిల్లలు ఉన్నాయి మామా" అంటుంది. ఆ మాట ఏ నిఘంటువులో లేదు. అవ్వ పెట్టిన మాట. ఆలూరులో పుట్టి బళ్ళారి పక్కన బతికిన ఒక ముసలమ్మ, జపాన్ బొమ్మకు పెట్టిన తెలుగు పేరు.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇలాంటివి చూసి ఏమన్నారో రాయండి. మీ మాటల్లోనే రాయండి, బెళగావి తెలుగైనా, హోసూరు తెలుగైనా, బరంపురం తెలుగైనా సరే. దిద్దే పని పెట్టుకోవద్దని చిన్నాయనకు ముందే చెప్పినాను.